గొలుసు దొరికింది, ఇప్పుడు ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న పాఠకురాలు ఈసారి చాలా పొడుగు ఉత్తరం రాశారు, పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేకుండానే క్లుప్తంగా చెప్తాను. సొంతూరు నెల్లూరు వైపు, వయసు 36, భార్యాభర్తలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ళింట్లో నాలుగేళ్ళుగా ఒకామె పని చేస్తోంది, రమణమ్మ అందాం (పేరు మార్చాను). కదిరి దగ్గర పల్లె, భర్త సెంట్రింగ్ పనికి వెళ్తాడు, తొమ్మిదేళ్ళ కూతురు, మున్నేకొళాలలో రేకుల ఇల్లు. అదే అపార్ట్‌మెంట్‌లో మొత్తం ఐదిళ్ళల్లో చేసేది.

మూడు నెలల కింద అత్తగారి రెండు పేటల గొలుసు కనపడలేదు. బీరువాలోనే పెట్టానని అత్తగారు ఒట్టేసి చెప్పారు. ఇంట్లోకి వచ్చి పోయే బయటి మనిషి రమణమ్మ ఒక్కతే. మర్నాడు పొద్దున భర్త, ఈమె వెళ్ళి స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చారు. వచ్చేటప్పుడు భర్త ఎస్సైతో "కొంచెం గట్టిగా అడగండి సార్, వాళ్ళే తీసుంటారు" అన్నాడట. ఆ సాయంత్రం నాలుగున్నరకి రమణమ్మ వేరే ఇంట్లో అంట్లు తోముతుంటే గేటు దగ్గరికి పిలిపించి జీపెక్కించుకుని వెళ్ళారు. రాత్రి 9:40కి స్టేషన్ నించి ఈమెకి ఫోన్ వచ్చింది, "ఒప్పుకోవట్లేదు మేడమ్, ఇంకెవరి మీదైనా డౌట్ ఉందా" అని. వెనకాల ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నట్టు వినపడింది. ఈమె "తెలీదండీ" అని పెట్టేసింది. రాత్రి పదిన్నర తర్వాత రమణమ్మని వదిలేశారు, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట.

మర్నాడు రమణమ్మ టిఫిన్ డబ్బా, రావలసిన జీతం కోసం వస్తే సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు, అప్పటికే అసోసియేషన్ వాళ్ళు గేట్ యాప్‌లో బ్లాక్ చేశారు, వాట్సాప్ గ్రూప్‌లో ఫోటో పెట్టి జాగ్రత్త అని రాశారు. ఈమే కిందికి దిగి డబ్బా ఇచ్చింది. కుడి అరచెయ్యి వాచిపోయి ఉంది, ఎడం చేత్తో తీసుకుంది. "నేను తీయలేదక్కా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఐదిళ్ళ పనీ పోయింది.

ఇరవై మూడో రోజున ఫ్యాన్ రిపేరుకి వచ్చినతను నిచ్చెన కోసం అటక మీద సామాన్లు జరిపితే, పాత గ్రైండర్ అట్టపెట్టెలో పసుపు గుడ్డలో చుట్టిన గొలుసు దొరికింది. శ్రీకాళహస్తి వెళ్ళేముందు దొంగల భయంతో అత్తగారే దాచి మర్చిపోయారు. అప్పటినించీ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తట్లేదు. భర్త మాత్రం "ఇప్పుడు చెప్తే తప్పుడు కేసు పెట్టామని మనల్నే లోపలేస్తారు, ఒక యాభై వేలిచ్చి ఇంక ఎక్కడా కంప్లైంట్ ఇవ్వనని సంతకం తీసుకుందాం" అంటున్నాడు, అత్తగారు "పనిమనిషి కోసం ఇంత రాద్ధాంతమా" అంటున్నారు. మధ్యలో పెళ్ళిరోజు వస్తోందని, కొత్త ఫోన్ కొనిపెడతానన్నాడని, అది కూడా సంతోషంగా లేదని రాశారు. చివర్లో అడిగింది ఇది: పోలీసులకి చెప్పాలా, చెప్తే నాకేమవుతుంది, ఆమెకి నేనేం చెయ్యగలను, అసలు ఇది మానవ హక్కుల ఉల్లంఘన అంటారా, ఆ మాట యుద్ధాలకీ ఎన్‌కౌంటర్లకీ వాడేది కదా, మా ఇంటి గొడవకి కూడా వస్తుందా?

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్న దగ్గరే మొదలెడతాను, ఎందుకంటే మిగతా వాటి జవాబులు దాంట్లోనే ఉన్నాయి. వస్తుంది. మన దేశంలో 1993లో వచ్చిన మానవ హక్కుల పరిరక్షణ చట్టం ఆ మాటకి అర్థం రాసే పెట్టింది: మనిషి ప్రాణం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం, వీటికి సంబంధించి రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కులు, లేదా అంతర్జాతీయ ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చెయ్యగల హక్కులు. ఎంతమంది చచ్చిపోయారు అనే లెక్క అందులో లేదు. ఒక మనిషిని కాగితం లేకుండా ఆరు గంటలు కూర్చోబెట్టడం, చేతులు వాచేలా కొట్టడం, చేతికి దొరికిన కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం, ఇవన్నీ దాంట్లోకే వస్తాయి. మీ అత్తగారు అన్నారే పనిమనిషి అని, ఆ మాటలో కూడా మనిషి ఉంది కదమ్మా, చట్టం ఆ రెండో సగాన్నే చూస్తుంది.

ఇప్పుడు ఆ సాయంత్రం జరిగింది చట్టం ప్రకారం ఎలా జరగాలో చెప్తాను, మీరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. రమణమ్మని సాక్షిగా అడగాలనుకుంటే పోలీసులే ఆమె ఇంటికి వెళ్ళాలి, ఆడవాళ్ళని సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మని బలవంతం చెయ్యకూడదని అరెస్టులూ విచారణలూ ఎలా చెయ్యాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలోనూ ఉంది, 2024 జూలై 1 నించి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత)లోనూ ఉంది. అలా కాదు, ఆమె మీదే అనుమానం అనుకుంటే, అరెస్ట్ అక్కర్లేనప్పుడు ఫలానా రోజు రమ్మని రాతలో నోటీసు ఇవ్వాలి. అరెస్టే చెయ్యాలనుకుంటే ఎందుకో చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజెయ్యాలి, లాయర్‌ని కలవనివ్వాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అదీ కాక పొద్దుగూకినాక తెల్లవారేలోపు ఆడమనిషిని అరెస్ట్ చెయ్యాలంటే తప్పనిసరి పరిస్థితి అయ్యుండాలి, మహిళా అధికారి మేజిస్ట్రేట్ దగ్గర ముందుగా రాతలో పర్మిషన్ తీసుకోవాలి. సాక్షి కాదు, నోటీసు లేదు, అరెస్టూ కాదు, "ఊరికే విచారణకి తీసుకొచ్చాం" అనే నాలుగో రకం ఏ చట్టంలోనూ లేదు. కానీ మన స్టేషన్లలో సగం పని ఆ నాలుగో రకంలోనే నడుస్తుంది. చాలామంది 24 గంటల రూల్ ఒకటి పట్టుకుని "ఆరు గంటలే కదా ఉంచింది" అంటారు, ఆ 24 గంటలు మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఇచ్చిన టైం, కొట్టుకోడానికి ఇచ్చింది కాదు.

కొట్టి ఒప్పిస్తే ఏంటి లాభం అంటారా, నిజానికి లాభం లేదు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా ఉండేది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23కి వెళ్ళింది. బ్రిటిష్ వాళ్ళకి కూడా మన స్టేషన్లలో మాట ఎలా రాబడతారో తెలుసు కాబట్టే అలా రాసుకున్నారు. అయితే ఒక చిన్న సందు ఉంది, ముద్దాయి చెప్పిన మాటని బట్టి వస్తువు దొరికితే దొరికినంత వరకు ఆ మాట చెల్లుతుంది. అందుకే స్టేషన్‌లో అందరి నోట్లో "రికవరీ" అనే మాట తిరుగుతుంటుంది. వస్తువు బయటికి రావాలి, అంతే. నేను ఈ ఊళ్ళో లాయర్‌గా ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తల్లోనే చూశాను, దెబ్బలు తట్టుకోలేక వడ్డీకి డబ్బు తెచ్చి, అంత తూకం బంగారం కొని "ఇదే నేను తీసింది" అని తెచ్చి పెట్టినవాళ్ళని. రమణమ్మ ఒప్పుకోలేదు కాబట్టి ఇవాళ మీ దగ్గర ఒక్క గొలుసే ఉంది. ఒప్పుకుని ఉంటే రెండు ఉండేవి.

ఇక్కడ మీకు కొంచెం కష్టంగా ఉండే మాట చెప్పాలి. కొట్టింది ఎవరో వాళ్ళ తప్పు వాళ్ళదే, దాన్ని నేను మీ నెత్తిన పెట్టను. కానీ "కొంచెం గట్టిగా అడగండి సార్" అనే మాట ఉంది చూశారూ, ఎంత మర్యాదగా ఉందో, సార్ కూడా ఉంది చివర. ఆ మాటకి అర్థం ఏంటో చెప్పినవాళ్ళకి తెలుసు, విన్నవాళ్ళకి తెలుసు. మీ ఆయన చెడ్డవాడని కాదు, నేను ఎన్ని ఇళ్ళల్లో విన్నానో ఆ మాట, చదువుకున్నవాళ్ళు, గుళ్ళో అన్నదానం చేసేవాళ్ళు, పనామె పిల్లకి పుస్తకాలు కొనిచ్చేవాళ్ళు కూడా అంటారు. హక్కుల గురించి టీవీలో వాదించే మనమే వస్తువు పోగానే లాఠీని అడిగి మరీ తెప్పించుకుంటాం, మన చేత్తో పట్టుకోం కాబట్టి అది మనది కాదనుకుంటాం. ఆ 9:40 ఫోన్ కూడా అంతే. మీరు ఆ రాత్రి "ఆమె ఇంకా అక్కడే ఉందా, ఇంత రాత్రి ఎందుకు ఉంచారు, నేను వస్తున్నా" అని ఒక్క మాట అనుంటే బహుశా పది నిమిషాల్లో వదిలేసేవాళ్ళు. ఫిర్యాదుదారు మాటకి స్టేషన్‌లో ఉన్నంత విలువ ఇంకెవరి మాటకీ ఉండదు. ఇది మిమ్మల్ని పొడవడానికి చెప్పట్లేదు, ఆ విలువ ఇప్పటికీ మీ దగ్గరే ఉంది అని చెప్పడానికే.

మా హిందూపురం ఇంట్లో నా చిన్నప్పుడు వెండి గ్లాసు పోతే అంట్లు తోమే పిల్లని మానిపించేశారు. నాలుగేళ్ళ తర్వాత బావి పూడిక తీయిస్తే బురదలో దొరికింది. మా అమ్మ చింతపండుతో తోమి మళ్ళీ దేవుడి దగ్గర పెట్టేసింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, నాక్కూడా చెప్పాలని అప్పుడు తోచలేదు. సరే, మన విషయానికి వద్దాం.

మీ ముందు ఏమేం దారులున్నాయో చూద్దాం. మొదటిది మీ ఆయన చెప్పేదే, డబ్బిచ్చి సంతకం తీసుకుని గప్‌చుప్‌గా ఉండటం. దీంట్లో మీరు అనుకునేంత భద్రత లేదు. గొలుసు దొరికినట్టు ఎలక్ట్రీషియన్‌కి తెలుసు, ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో మాటల్లో వస్తుంది. ఇవాళ్టి దాకా మీరు అనుమానంతో కంప్లైంట్ ఇచ్చిన మనిషి, అది తప్పు కావచ్చు కానీ నేరం కాదు, అబద్ధమని తెలిసి కూడా అధికారికి చెప్తేనే తప్పుడు సమాచారం కింద శిక్ష. దొరికాక దాచిపెట్టిన ప్రతి రోజూ ఆ తేడా పల్చబడుతుంది, రేపు ఎవరైనా "మొదటినించీ తెలిసే చేశారు" అంటే మీ దగ్గర జవాబుండదు. ఇక ఆ సంతకం, ఐదిళ్ళ పని పోయి అద్దె కట్టలేక ఉన్న మనిషి చేత, చదవలేని కాగితం మీద, స్టేషన్‌లో ఆల్రెడీ ఒకసారి వేలిముద్ర వేయించుకున్న మనిషి చేత మళ్ళీ వేయించుకుంటారా? అది చట్టం ముందు నిలబడేదీ కాదు, పైగా బయటికొస్తే మీ మీదే అనుమానం పెంచే కాగితం. డబ్బు ఇవ్వొద్దని కాదు, దాని గురించి తర్వాత చెప్తా.

రెండోది, జరిగిన దాన్ని రాతలో సరిచెయ్యడం. దీనికి రమణమ్మ పర్మిషన్ కూడా అక్కర్లేదు, ఇది మీరు వేసిన ముడి, మీరే విప్పాలి. స్టేషన్‌లో మీకిచ్చిన కాగితం తీసి చూడండి, ఎఫ్‌ఐఆర్ కాపీయా, ఊరికే అర్జీ తీసుకున్నట్టు రసీదా. ఎఫ్‌ఐఆర్ అయితే గొలుసు ఫలానా తేదీన మా ఇంట్లోనే దొరికింది, దొంగతనం జరగలేదు, రమణమ్మ మీద నాకు ఏ అనుమానమూ లేదు అని రాసిస్తే వాళ్ళు మీ స్టేట్‌మెంట్ తీసుకుని కేసు మూసేస్తూ కోర్టుకి పంపుతారు, కర్ణాటకలో దాన్ని బి రిపోర్ట్ అంటారు. రసీదే అయితే ఇంకా సులువు, కానీ అప్పుడు ఇంకో ప్రశ్న లేస్తుంది, కేసే రాయకుండా మనిషిని ఎలా తీసుకొచ్చారు అని. ఎస్సై గారికి మీరు ఇలా రాసివ్వడం నచ్చకపోవచ్చు, "నోటితో చెప్పారుగా చాలు మేడమ్" అంటారు. చాలదు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి, వెయ్యకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, పైన డీసీపీ ఆఫీసుకి ఒక కాపీ. మీ మీద కోప్పడొచ్చు, స్టేషన్‌కి రెండు మూడుసార్లు తిప్పొచ్చు, అంతకంటే పెద్ద ప్రమాదం నాకు కనపడట్లేదు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి ఏంటంటే, రమణమ్మ వాళ్ళు ఎస్సీలు అని తర్వాత తెలిసింది అని మీ ఉత్తరంలో ఒక మూల రాశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో, ఆ వర్గాలవాళ్ళకి హాని కలిగేలా అధికారులకి తప్పుడు లేదా పస లేని సమాచారం ఇవ్వడం కూడా నేరమే. మీ విషయం దాంట్లోకి వస్తుందా అనేది మీ కాగితాలు చూడకుండా నేను అనలేను, మీరు నిజంగా నమ్మి ఇచ్చారు, ఆ నమ్మకం దేని మీద అని మాత్రం అడుగుతారు. అందుకని స్టేషన్‌కి వెళ్ళేముందు మీ తరఫున ఒక లాయర్‌ని కలవండి. రమణమ్మకి కూడా లాయర్ కావాలి, కానీ అదే లాయర్ కాదు. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, మంచితనం కొద్దీ "నేనే లాయర్‌ని పెడతా ఆమెకి" అంటారు, మీరు ఫీజిచ్చే లాయర్ మీకు ఇబ్బంది కలిగే సలహా ఆమెకి ఇవ్వడు. ఆమెకి ఉచితంగానే దొరుకుతుంది, 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల అని బిల్డింగ్, అక్కడే రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికారం ఆఫీసు, ముందు 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

స్టేషన్ కంటే ముందు, ఇవాళ రేపట్లో చెయ్యగలిగింది ఇంకోటి ఉంది, మీ అపార్ట్‌మెంట్. నిజం చెప్పాలంటే రమణమ్మకి స్టేషన్ ఆరు గంటలు, మీ గేటు మూడు నెలలు. ఎవరూ ఆమెని పిలిచి అడగలేదు, ఏం జరిగిందో వినలేదు, ఒక కమిటీ మెంబర్ ఫోన్లో నొక్కితే ఐదు జీతాలు ఒక్కసారి పోయాయి. హక్కులు అంటే మనకి ప్రభుత్వమే గుర్తొస్తుంది, నిజమే, రాజ్యాంగంలో చాలా హక్కులు ప్రభుత్వానికి ఎదురుగా రాసినవే, అసోసియేషన్ మీద ఆర్టికల్ 21 (ప్రాణం, స్వేచ్ఛల హక్కు) అని కేసెయ్యడం అంత తేలిక కాదు. కానీ ఆ గ్రూప్‌లో మీరూ మెంబరే కదా. ఏ గ్రూప్‌లో ఫోటో పెట్టారో అదే గ్రూప్‌లో, "గొలుసు మా ఇంట్లోనే దొరికింది, మేమే పెట్టి మర్చిపోయాం, రమణమ్మకి ఏ సంబంధమూ లేదు, ఫోటో తీసెయ్యండి, యాప్‌లో బ్లాక్ తీసెయ్యండి" అని మీ పేరుతో రాయండి. "ఒక చిన్న మిస్అండర్‌స్టాండింగ్ జరిగింది" లాంటి మాటలు వద్దు. అత్తగారి పేరు ఎత్తాల్సిన పని లేదు, మేము అంటే చాలు, పెద్దావిడ మతిమరుపుని ఊరేగించి ఒరిగేదేమీ లేదు. నాలుగు రోజులు లిఫ్ట్‌లో మిమ్మల్ని వింతగా చూస్తారు. మిగతా నాలుగిళ్ళవాళ్ళకి మాత్రం మెసేజ్ కాదు, వెళ్ళి చెప్పండి.

మూడో దారి, ఆమెకి జరిగినదాని మీద కంప్లైంట్. ఇది మీది కాదు, ఆమెది. మీ ఉత్తరంలో "నేనే హ్యూమన్ రైట్స్ వాళ్ళకి రాసేస్తే నా మనసు కొంచెం తేలికపడుతుంది" అని ఒక వాక్యం ఉంది, అది చదివి నాకు భయమేసింది. మీ మనసు తేలికపడటానికి ఆమెని మళ్ళీ అదే ఎస్సై ముందు నిలబెట్టకండి. చట్ట ప్రకారం బాధితుల తరఫున ఎవరైనా రాయొచ్చు, నిజమే, కానీ మీరు రాసేసి ఇంట్లో కూర్చుంటారు, రేపు ఆ వీధిలో బీట్ కానిస్టేబుల్‌కి కనపడేది ఆమె, రాత్రి సెంట్రింగ్ పని నించి వస్తూ ఆగేది ఆమె భర్త. ఆమె వద్దంటే వద్దు. ఆమె కావాలంటే మాత్రం ఏమేం ఉన్నాయో తెలిసుండాలి, అది మీరు చెప్పొచ్చు, లేదా ఈ ఊళ్ళో ఇంటిపనివాళ్ళ యూనియన్లు ఉన్నాయి, వాళ్ళ ద్వారా చెప్పిస్తే ఇంకా మంచిది, మీ నోటితో వస్తే ఆమెకి అది ఇంకో ఆర్డర్‌లా వినపడుతుంది.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఇక్కడే అంబేద్కర్ వీధిలో ఎం.ఎస్. బిల్డింగ్‌లో ఉంది. తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి, మూడు నెలలే అయింది కాబట్టి టైం ఉంది. ఢిల్లీలో జాతీయ కమిషన్‌కి కూడా పంపుదాం అనుకుంటారు, ఒక కమిషన్ చేతిలో ఉన్నదాన్ని ఇంకో కమిషన్ ముట్టుకోదు, కాబట్టి ఒక్కచోటే ఇవ్వండి. కమిషన్ పోలీసుల నించి రిపోర్ట్ తెప్పిస్తుంది, సొంత దర్యాప్తు విభాగంతో విచారణ చేయించగలదు, సాక్షుల్ని పిలవగలదు. కానీ చివరికి ఇచ్చేది సిఫారసు, నష్టపరిహారం ఇవ్వండి, ఫలానావాళ్ళ మీద చర్య తీసుకోండి అని ప్రభుత్వానికి చెప్తుంది, జైల్లో పెట్టలేదు. టైం పడుతుంది, నెలలు కాదు, ఒక్కోసారి ఏళ్ళు. ఒప్పించడానికి కొట్టడం అనేది విడిగా నేరమే, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, ఆ దారిలో వెళ్ళాలంటే మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్, అంటే పోలీసుల ద్వారా కాకుండా నేరుగా కోర్టుకి ఇచ్చే ఫిర్యాదు, దానికి లాయర్ కావాలి, ఓపిక కావాలి, వాయిదాలకి కూలి పోగొట్టుకోవాలి. ఇంక మూడోది, కొంతమంది ఇంతే కోరుకుంటారు, పైఅధికారికి ఒక అర్జీ, ఇంకోసారి మా జోలికి రావొద్దని ఒక హామీ, ఆ వేలిముద్ర వేయించుకున్న కాగితం ఏంటో తెలుసుకోవడం. అది చిన్నది అని మనం అనుకోకూడదు.

ఒక ఉత్తరంతో ఏమవుతుందిలే అని ఆమె అంటే, లేదా మీరే అనుకుంటే, ఇది చెప్పండి. ఒరిస్సాలో 1987 డిసెంబర్ 1న సుమన్ బెహెరా అని 22 ఏళ్ళ కుర్రాణ్ణి దొంగతనం విచారణ అని ఇంటినించి పోలీసులు తీసుకెళ్ళారు, మర్నాడు రైలు పట్టాల పక్కన శవమై దొరికాడు. వాళ్ళమ్మ నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. దాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో కోర్టు లక్షా యాభై వేలు పరిహారం ఇమ్మంది, ప్రభుత్వం మనిషి హక్కుని తొక్కితే ప్రభుత్వమే డబ్బు కట్టాలి అనే సూత్రం అక్కడ గట్టిపడింది. డి.కె. బసు అని బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ నడిపే ఆయన 1986లో లాకప్ చావుల వార్తలు చదివి ప్రధాన న్యాయమూర్తికి రాసిందీ ఉత్తరమే, దాని మీదే 1996 డిసెంబర్‌లో వచ్చిన తీర్పులో అరెస్ట్ చేసేవాళ్ళు నేమ్ బ్యాడ్జీ పెట్టుకోవాలి, మెమో రాయాలి, బంధువుకి చెప్పాలి, డాక్టర్‌కి చూపించాలి అని పదకొండు సూచనలు ఇచ్చారు. అవన్నీ పాటిస్తున్నారా అంటే, రమణమ్మ చెయ్యి చూశారు కదా. అయినా ఇవాళ ఆమె తరఫున మాట్లాడేవాళ్ళ చేతిలో ఏదైనా ఉందంటే ఆ రెండు ఉత్తరాల వల్లే. ఇంకో మాట, మన దేశం ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు, కాబట్టి మనకున్నవి మన చట్టాలు, ఈ తీర్పులే.

సాక్ష్యం సంగతి. దెబ్బలు మానిపోయుంటాయి, అప్పుడు ఏదైనా ఆసుపత్రికి వెళ్ళుంటే ఓపీ చీటీ దాచమనండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, ఫుటేజ్ 18 నెలలు ఉంచాలని, వీలుకాని చోట కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరా ఉందా, ఆ రోజు పని చేసిందా అనేది వేరే కథ, పాపం ఆ కెమెరాలు ఎప్పుడూ అవసరమైన రోజే చెడిపోతాయి. అందుకే ఆమె ముందుకు వెళ్ళాలనుకుంటే మొదటి కాగితమే "ఫలానా తేదీ సాయంత్రం నాలుగున్నర నించి పదిన్నర దాకా ఫుటేజ్ చెరపకుండా ఉంచండి" అని పోవాలి. మీ గేటు కెమెరాలో జీపు ఎక్కించడం, టైంతో సహా ఉండుంటుంది, కాకపోతే అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎక్కువ రోజులు ఉంచరు, గేట్ యాప్‌లో ఆమె ఎప్పుడు లోపలికి వచ్చింది, ఎప్పుడు బయటికి వెళ్ళింది అనేదైనా దొరుకుతుంది, సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని అడగండి. వీటన్నిటి కంటే గట్టి సాక్ష్యం మీరే. ఆ రాత్రి ఆమె స్టేషన్‌లో లేదని వాళ్ళు రాసుకుంటే, 9:40 ఫోన్ మీకే వచ్చింది. మీరు చూసింది, విన్నది మాత్రమే చెప్పండి. కొట్టారు అని మీరు చెప్పకూడదు, మీరు చూడలేదు. వెనకాల ఏడుపు విన్నాను, మర్నాడు కుడి చెయ్యి వాచి ఉంది, ఎడం చేత్తో డబ్బా తీసుకుంది, అంతవరకే. మీ ఆయన అన్న ఆ "గట్టిగా అడగండి" కూడా చెప్పాల్సొస్తుంది. ఇంట్లో దాని మీద గొడవ అవుతుంది, ముందే మాట్లాడుకోండి, కోర్టులో మొదటిసారి వినడం కంటే డైనింగ్ టేబుల్ దగ్గర వినడం ఆయనకే మంచిది.

డబ్బు. ఐదిళ్ళల్లో మూడు నెలల జీతం ఎంతో లెక్కేసి అది ఇవ్వండి, మీవల్ల పోయిన కూలి అది, దానం కాదు కాబట్టి "ఉంచుకోమ్మా" అనే గొంతుతో ఇవ్వకండి. ఆ రోజు మీ దగ్గర రావలసిన జీతం ఇచ్చారో లేదో మీ ఉత్తరంలో లేదు, డబ్బా ఒక్కటే ఇచ్చినట్టుంది, అదైతే ముందు అది. సంతకం అడగొద్దు, కంప్లైంట్ ఇస్తావా ఇవ్వవా అనే మాట డబ్బు ఇచ్చే రోజు అసలు తేవద్దు. తీసుకోకపోతే బలవంతం చెయ్యొద్దు. ఆమె తిట్టొచ్చు, ఏడవొచ్చు, తలుపే తియ్యకపోవచ్చు. మళ్ళీ పనికి వస్తావా అని అడక్కండి, రావాలనుకుంటే గేటు తెరిచి ఉందని తెలిస్తే చాలు. పిల్ల స్కూలుకి వెళ్ళిన టైంలో వెళ్ళండి, కారు వీధి మొదట్లో ఆపి నడిచి వెళ్ళండి, అపార్ట్‌మెంట్‌లోంచి కారొచ్చి రేకుల ఇంటి ముందు ఆగితే వీధంతా మళ్ళీ ఏమైందని బయటికొస్తారు, గొలుసు దొరికిందన్న మాట మాత్రం ఆ వీధివాళ్ళు కూడా వినేలా కొంచెం గట్టిగానే చెప్పండి. అత్తగారు వస్తానంటే తీసుకెళ్ళండి, రానంటే ఈ మొదటిసారికి వదిలెయ్యండి.

ఇంకొకటి, పెళ్ళిరోజుకి కొత్త ఫోన్ వస్తోందన్నారు కదా. పాతది ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చెయ్యకండి. ఈ రాత్రికే కాల్ హిస్టరీ తెరిచి ఆ తేదీ, ఆ నంబర్, 9:40, ఎన్ని సెకన్లు మాట్లాడారో కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, పాత కాల్స్ వాటంతటవే చెరిగిపోయుంటే మీ కంపెనీ నంబర్ బిల్లులోనో మీ సిమ్ వాళ్ళ దగ్గరో వివరాలు అడగండి, ఫోన్ స్విచ్చాఫ్ చేసి బీరువాలో పెట్టండి. అటక మీద మాత్రం వద్దు.